హీరోది తెలుగు, హీరోయిన్‌ది మలయాళం

ఎనభైల మొదట్లో గల్ఫ్‌లో, సజ్జాలో మా లేబర్ క్యాంపుకు శుక్రవారం అంటే సినిమా. మెస్సు గోడకు సున్నం కొట్టి తెర చేసుకున్నాం. ప్రొజెక్టర్ కంపెనీది, సినిమా అద్దెది, కొట్లాట మాత్రం మా సొంతం. పఠాన్లకు హిందీ కావాలి, మలయాళీలకు మలయాళం కావాలి, మా జగిత్యాల, సిరిసిల్ల బ్యాచుకు తెలుగు కావాలి. ఒకసారి బెంచీలు గాల్లోకి లేచాయి. ముదీర్, అంటే మా క్యాంపు మేనేజరు, వచ్చి "ఇంకొక్క గొడవ, సినిమా ఖలాస్" అని చెప్పి పోయాడు. వారమంతా ఇనుప చువ్వలు వంచేవాళ్ళకు ఆ ఒక్క సాయంత్రమూ పోతే ఇంకేం మిగులుతుంది?

తరువాతి శుక్రవారం ముదీరే ఒక సినిమా డబ్బా పంపాడు. సినిమాలకు ఇంకా మాటలు రాని కాలం నాటిది. కారు పందేలు కొట్టే కుర్రాడు, కార్ల ఫ్యాక్టరీ యజమాని కూతురు, వాళ్ళ ప్రేమ. భాషే లేకపోతే భాష మీద కొట్లాట ఎక్కడిది? ముదీర్ తెలివైనవాడే, మమ్మల్ని ఎరగడంతే.

కాసేపటికే ఈలలు మొదలయ్యాయి. పాట లేదు, మాట లేదు, మధ్యమధ్యలో ఇంగ్లీషు అక్షరాలు. వెనక ఎవడో తెర మీదికి చెప్పు విసిరితే అది పఠాన్ డ్రైవర్ వీపుకు తగిలింది. ఆయన చెప్పు పట్టుకుని లేచాడు. మా అందరికన్నా మూరెడు ఎత్తు మనిషి. గుమ్మంలో ముదీర్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మా శుక్రవారాలు పోయినట్టేననుకున్నాను.

అప్పుడే తెర మీద హీరో కారు కింద నుంచి మసి మొహంతో లేచి ఆ పిల్లను చూశాడు. నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఆ అక్షరాలతో నాకు పని లేదు. నోరు ఊరుకోలేదు.

"పిల్లా, బుగులుపడకు. సబ్బు పెడితే మీ నాయినకన్న తెల్లగుంట."

మావాళ్ళు గొల్లుమన్నారు. మలయాళీ ఎలక్ట్రీషియన్ గిరుక్కున తిరిగాడు.

"హీరో తెలుగువాలా కైసే హువా?"

"హీరో మేరా, భాయ్. లడ్కీ తుమ్ లేలో."

అతను గుబురు మీసం సవరించుకుని, సన్నటి గొంతుతో మలయాళంలో ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు గాని, వాళ్ళవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు.

"అక్కడ రాసింది అది కాదు తమ్మీ" అన్నాడు మా టైమ్ కీపర్.

"రాసింది నువ్వు సదువుకో అన్నా, మాకు చెప్పకు."

పఠాన్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఖాన్ సాబ్, లడ్కీ కా బాప్ తుమ్" అన్నాను.

ఆయన తెరను చూశాడు, చేతిలో చెప్పును చూశాడు. ఆ చెప్పు హీరోకు చూపిస్తూ ఉరిమాడు. "ఓయ్, మేరీ బేటీ సే దూర్ రెహ్నా."

ఇక పందెం వచ్చేసరికి క్యాంపు క్యాంపంతా ఇంజనైపోయింది. పగలు ఎవడు ఏ మిషను మీద పనిచేస్తాడో ఆ చప్పుడు వాడు చేశాడు. ఒక కారు కాంక్రీటు మిక్సర్‌లా గడగడలాడింది, ఇంకోటి బుల్డోజర్‌లా గుర్రుమంది. చివరి మలుపులో అన్ని భాషలూ కలిసి పద పదమని ఒకటే అరబ్బీ మాట: యల్లా, యల్లా. మా హీరో గెలిచాడు. మేం గెలిపించాం.

లైటు వేసి ముదీర్ వైపు తిరిగాం. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటున్నాడు. "వచ్చే శుక్రవారం ఏం కావాలి?" అన్నాడు.

ఆ శుక్రవారం పాటలూ ఫైట్లూ ఉన్న హిందీ సినిమా వచ్చింది. సగం రీలు కాకముందే పఠాన్ లేచి వెళ్ళి, బొమ్మను ఆడనిచ్చి ప్రొజెక్టర్ సౌండు గొంతు నొక్కేశాడు. హిందీ కావాలని బెంచీ ఎత్తిన మనిషే.

"హీరో కిధర్ హై?" అన్నాడు, చుట్టూ వెతుకుతూ.

నేను గొంతు సవరించుకున్నాను.