జున్ను అంథూసా, పాలిపోయిన బంగారం

అంథూసాకూ నాకూ ఏనాడూ పడలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ప్రేమకొద్దీ ఆవిణ్ణి వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోకూడదు. కాన్‌స్టాంటినోపుల్ బజారులో ఆవిడది జున్ను కొట్టు, దాని పక్కనే నాది నూనె కొట్టు. జున్ను ఊరేసిన ఉప్పునీళ్లు పారబోస్తే నేరుగా నా జాడీల కిందికి వచ్చేవి. అదేమని అడిగితే, "నీ నూనెకి ఆ మాత్రం రుచైనా తగలనీ వదినా" అనేది. ఆ నోటికి జడిసి బేరగాళ్లు కూడా మారు మాట్లాడేవారు కాదు.

అంత నోరున్న మనిషీ మొగుడి ఊసెత్తితే మూగదైపోయేది. తూర్పున మన సైన్యం తుర్కుల చేతిలో నుగ్గునుగ్గయిన ఏడాది అతను పట్టుబడ్డాడు. అతని పేరు పోథోస్. ఒక అమీరు దగ్గర గొర్రెలు కాస్తున్నాడని కబురొచ్చింది. ఆర్మేనియా వర్తకుడు వహ్రామ్ ఏటా ఈస్టర్ వెళ్లగానే తూర్పుకి బిడారు కట్టి, సొమ్ము ముట్టజెప్పి బందీలను విడిపించుకొచ్చేవాడు. పోథోస్‌కి ముప్పై బంగారు కాసులు ఇమ్మన్నారు.

ముప్పై కాసులంటే మాబోటివాళ్లకు మాటలా! కాకపోతే అంథూసాకు ఏడాదికో పంట ఉండేది. ఈస్టర్‌కి ముందొచ్చే పెద్ద ఉపవాసానికి ముందువారం ఊరంతా మాంసం మానేసి జున్ను మీద పడుతుంది. ఆ జున్ను వారంలో పెద్దిళ్లవాళ్లు బళ్లకెత్తించుకుని బంగారమిచ్చి పోతారు. ఆ కాసులు తీసుకెళ్లి, బందీలను కాచే పునీత నికొలాసు పటం కింద చర్చిలో పెట్టించేది. ముప్పై నిండేదాకా ఒక్కటి కూడా పైకి తీయనని మొక్కుకుంది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఆ చక్రవర్తి మన నెత్తినెక్కాడు. వాడి పేరు నేనెత్తను, ఎత్తితే నోరు కడుక్కోవాలి. శత్రువు ఊళ్లు మింగుతుంటే వాడు పద్యాలల్లుకుంటూ కూర్చున్నాడు. ఖజానా అడుగంటితే కరిగించే బంగారంలో వెండి కలపమన్నాడు. ధాన్యమంతా ఒక్క సర్కారు కొట్టులో పోయించి, ఇంకెక్కడా అమ్మకూడదన్నాడు. కాసుకొచ్చే గోధుమలు కొలతకు పావు తగ్గాయి. ఊరు ఊరంతా వాడికి 'పావు తక్కువ' అని పేరు పెట్టింది. గిన్నెలా వంచిన ఆ కాసుకి ఒకపక్క క్రీస్తు ప్రభువు, రెండోపక్క వీడు. దొంగల సరసన ఉండటం ప్రభువుకి కొత్తేం కాదులెండి.

"ఒసే, కొత్త కాసులు పటం కింద పెట్టకే. ఊళ్లో గుప్పుమనకముందే పాతవాటితో మార్చేసుకో" అని, పడకపోయినా, నేనే చెప్పాను.

"పునీతుడి ముందు పెట్టింది వెనక్కి లాక్కుంటే మొగుడు తిరిగొస్తాడా? నీకు బేరాలు తెలుసు గానీ మొక్కులేం తెలుసు!" అంది.

చివరికి ముప్పై నిండాయి. వహ్రామ్ చర్చి అరుగు మీద గీటురాయి పెట్టుకుని కూర్చున్నాడు. మూటలో అడుగునున్న పాత కాసులు గీస్తే పచ్చటి గీత పడింది. కొత్తవాటికి వచ్చేసరికి గీత తెల్లబోయింది. పన్నెండు కాసులు పక్కకు నెట్టేశాడు.

"ఇవి మీ ఊళ్లో చెల్లుతాయమ్మా. అక్కడికి పట్టుకెళితే అమీరు నా మొహాన కొడతాడు."

"ప్రభువు బొమ్మ ఉంది కదయ్యా!"

"వాడు తుర్కు, తల్లీ. బొమ్మ చూడడు, బంగారం చూస్తాడు."

"పోనీ, ఈ పద్దెనిమిదికి..."

"పద్దెనిమిదికి సగం మనిషిని తేలేను కదా!"

ఆ మూట కొంగున కట్టుకుని అంథూసా తిరిగొచ్చింది. ఆ పూట ఎవరినీ తిట్టలేదు. మార్చుకుందామన్నా, అప్పటికే ఊళ్లో పాత కాసులు ఎవరూ బయటికి తీయడం లేదు. మరుసటేడు జున్ను వారం రాగానే మాత్రం కొట్టు ముందు నిలబడి, "పాత కాసైతేనే జున్ను!" అని కేకేసింది. చక్రవర్తి మొహమున్న కాసు కాదంటే కొరడా దెబ్బలు, గుండు, సరుకు జప్తు. అది తెలియని దుకాణదారు మన పట్నంలో ఉండడు. ఆవిడకీ తెలుసు.

ఓ పెద్దింటి వంటశాల పెత్తందారు రెండు బళ్లు తోలుకొచ్చి కొత్త కాసులు విసిరాడు. ఆవిడ వాటిని వేలితో వెనక్కి తోసింది.

"ఏమే, చక్రవర్తి మొహం నచ్చలేదా?"

"మొహానికేం బాబూ, నిక్షేపంలా ఉంది. ఒంట్లోనే ఏదో రోగం. ఎంత పాలిపోయాడో చూడు!"

బజారంతా గొల్లుమంది. ఆ నవ్వే కొంప ముంచింది. నగరాధికారి భటులు వచ్చి ఆవిణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకెళ్లారు. కొరడాతో కొట్టి, గుండు గీయించి, గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, నవ్విన జనం మధ్యనుంచే ఊరేగించారు. జున్ను గడ్డలన్నీ దోచుకుపోయారు. నాలుగు రోజులు తింటారని తెలుసు, అరగకూడదని మనసారా కోరుకున్నాను.

ఉపవాసాలు ముగియకుండానే 'పావు తక్కువ' కూడా గద్దె దిగాడు. సన్యాసం ఇప్పించి వాడికీ గుండు గీశారు. బజారు ఆడవాళ్లందరూ అంథూసా ఇంటి మీద పడ్డారు.

"నీ ఉసురే తగిలిందే వాడికి!"

"నా ఉసురుకే అంత బలముంటే నా మొగుడు ఈపాటికి ఇంట్లో ఉండేవాడు" అని తలుపేసుకుంది.

కొత్త చక్రవర్తి ఊరేగుతూ కాసులు కట్టిన గుడ్డ మూటలు జనంలోకి విసిరాడు. కుక్కల్లా కొట్టుకున్నారు, నేనూ కొట్టుకున్నాను. అంథూసాకు ఒకటి దొరికింది. విప్పి బంగారు కాసు అరచేతిలో పెట్టుకుని చూసింది. "వదినా, ఇది వాడి కాసుకన్నా ఇంకా తెల్లగా ఉంది" అంది.

ఈస్టర్ వెళ్లాక చూస్తే వహ్రామ్ బిడారు పక్కన మూట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

"అమీరు మందల దగ్గర పాలున్నాయట గానీ, జున్ను చేయడం వచ్చినవాళ్లు లేరట. ఈ పద్దెనిమిదీ ఇచ్చి, తక్కినదానికి నన్ను పెట్టుకోమంటాను."

"మతిపోయిందా నీకు? ఎవరైనా తమంతట తాము నడిచెళ్లి బానిసలవుతారటే?"

"ఇక్కడ నేనేం మహారాణినా?" అంది. వెళ్లిపోయింది.

ఏడాది తిరిగాక వహ్రామ్ పోథోస్‌ని తీసుకొచ్చాడు. చిక్కి శల్యమైపోయి, జుట్టంతా నెరిసిపోయి ఉన్నాడు. అతని వెనకాల ఆవిడ కోసం చూశాను. లేదు. పన్నెండు మంచి కాసులు వచ్చేదాకా పెళ్లాం అక్కడే ఉంటుందని, అవి తెచ్చి విడిపించుకోమని మొగుణ్ణి పంపించాడట అమీరు.

మళ్లీ జున్ను వారం వచ్చింది. అప్పోసప్పో చేసి పోథోస్ ఆ కొట్టే తెరిచాడు. మొదటి బేరగాడు కొత్త కాసు చేతిలో పెట్టాడు. పోథోస్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా వైపు తిరిగాడు.

"అక్కా, ఇది అక్కడ చెల్లదు కదా?"

"చెల్లదు."

"మరి పాతవి ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరు నాయనా. తీసుకో. కాదంటే నీకూ గుండు గీస్తారు."

తీసుకుని జున్ను తూచి ఇచ్చాడు.