మూడుసార్లు అడిగిన మా అవ్వ

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, నాకు విడవని జ్వరం పట్టుకుంది. మా నాయన తర్లుపాడు నుంచి బస్సులో మార్కాపురం తీసుకుపోయి, పెద్ద బోర్డు, నున్నటి గచ్చు ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాడు. సూది వేసి, గ్లూకోజు ఎక్కించి, మాత్రలిచ్చి పంపారు. మా వైపు అప్పట్లో సూది వేస్తేనే డాక్టరు, గ్లూకోజు ఎక్కిస్తేనే ఆసుపత్రి. మూడో రోజుకు ఒళ్లు చల్లబడింది. తగ్గింది కదా అని మిగిలిన మాత్రలు గూట్లో దాచిపెట్టారు. అన్నీ మింగాలని మాకెవరూ చెప్పలేదు మరి.

వారం తిరగకముందే జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి లేచి నిలబడలేకపోయాను. మా నాయన మళ్లీ అక్కడికే పోదామన్నాడు. మొదటిసారి మాతోపాటు వచ్చిన ఆయన తల్లి, మా అవ్వ, ససేమిరా అంది.

"ఆ గచ్చును చూసి ఏంజేస్తాం? మాత్ర ఎప్పుడెయ్యాలమ్మా అని ఆడి నర్సును అడిగితే చీటీలో ఉండాది చూసుకోపో అనింది. నాకు చదువొచ్చునా?"

మార్కాపురంలోనే బస్టాండు వెనక చిన్న ఆసుపత్రికి పోయాం. ఉన్నవి రెండు బల్లలే. డాక్టరు చూసి మందులు రాశాక, ఎట్లా వెయ్యాలని అవ్వ నర్సమ్మను అడిగింది. ఆమె చెప్పింది. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పింది. మూడోసారి అడిగేసరికి మా నాయన తల పక్కకు తిప్పుకున్నాడు. నాకూ సిగ్గేసింది. నర్సమ్మ మాత్రం విసుక్కోలేదు. కిటికీలో ఉన్న పలక ముక్క తీసి, బలపంతో పొద్దుటి సూర్యుణ్ణి, నడినెత్తి సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసి, కింద మాత్రలకు సున్నాలు చుట్టింది.

"జొరం తగ్గినా ఆపొద్దవ్వా, పొట్లం అయిపోయేదాకా ఎయ్యాల. ఏదీ, నువ్వు చెప్పు."

అవ్వ గడగడా అప్పజెప్పింది.

తిరుగు బస్సులో నాయన కసురుకున్నాడు. "అన్నిసార్లు అడగాల్నా?"

"నాకు మొదటిసారికే తెలిసింది లేరా. రేపు పిల్లకేమన్నా అయితే ఈమెను అడగొచ్చునా లేదా అని చూసినా."

నాలుగో రోజు నేను మాత్ర కక్కుకుంటే, అవ్వ ఆ ధైర్యంతోనే ఒంటరిగా బస్సెక్కి పోయి అడిగి వచ్చింది. పొట్లం అయ్యేదాకా వేసింది. నేను బతికి బట్టకట్టాను.

మొన్న నా మోకాలి ఆపరేషన్‌కు మా మనవడు ఫోన్‌లో జనాలిచ్చిన రేటింగు చుక్కలు చూసి ఒక ఆసుపత్రి ఎంచాడు. చుక్కలు బాగానే ఉన్నాయి. నేను మాత్రం అక్కడి నర్సును ఒకే మాట మూడుసార్లు అడిగాను. మనవడు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ నర్సు పిల్ల కుర్చీ నా దగ్గరకు జరుపుకుని, మూడోసారీ మొదటిసారిలాగే చెప్పింది.

అప్పుడు సరే, చేర్చుకోండి అన్నాను.