గోల్‌కీపర్ ఎడమ కన్ను

ధర్మవరంలో గీతాంజలిని ఎరగనివాళ్లు తక్కువ. స్కూల్లో పొడుగ్గా ఉందని ఆమెను ఫుట్‌బాల్ గోల్లో నిలబెట్టారు. ఆ నిలబడడమే జిల్లా జట్టుకు, రాష్ట్ర జట్టుకు, బెంగళూరు క్లబ్బుకు, చివరికి మాల్దీవులకు తీసుకుపోయింది. ఆడపిల్లకు బంతాటేమిటని మూతి విరిచినవాళ్లే, ఆమె విమానమెక్కే రోజు ఫోటో కోసం అందరికంటే ముందు నిలబడ్డారు. సిగ్గన్నది ఉంటే కదా.

ఆ మాల్దీవుల్లోనే, సీజను ఆఖరి మ్యాచ్‌లో బంతి కోసం దూకినప్పుడు, అవతలి అమ్మాయి మోచెయ్యి ఎడమ కంటికి తగిలింది. వాపు వారంలో తగ్గింది, మసక మాత్రం పోలేదు. ఊరికి వస్తూ బెంగళూరులో ఒంటరిగా డాక్టరుకు చూపించుకుంది. లోపలి పొర చిరిగిందని, ఇంకో దెబ్బ తగిలితే ఆ కన్ను పూర్తిగా పోతుందని, ఆట మానెయ్యమని ఆయన చెప్పాడు. గీత ఆ కాగితాలు బ్యాగు అడుగున దాచేసింది. ఇరవై ఆరేళ్లొచ్చినా ఆమెకు గోల్లో నిలబడడం తప్ప వేరే బతుకు తెలియదు. కన్ను పోతుందని భయం, ఆట పోతుందని అంతకంటే పెద్ద భయం.

కొత్త సీజనుకు గురువారం మళ్లీ మాల్దీవులకు ప్రయాణం. సోమవారం పొద్దున, ఏమీ జరగనట్టు కనిపించాలని, తల్లి ధనలక్ష్మితో పాటు మగ్గం దగ్గర కూర్చుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

ధనలక్ష్మి పని పడుగు, అంటే చీర నిలువు పోగులు, అతకడం. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పట్టుపోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి, అలాంటివి వేల పోగులు. చిన్నప్పుడు గీత టీవీ చూస్తూనే అతికేసేది. ఇప్పుడు వేళ్లు పోగుకు ఇవతలే మూసుకుంటున్నాయి. తల ఎడమకు తిప్పి కుడి కంటితో చూసింది. ఒక పోగు తెగింది, ఇంకొకటి తెగింది.

"యాడ చూస్తాండావే?" అంది ధనలక్ష్మి.

"పోగునే చూస్తాండా."

"పోగు ఈడ ఉండాది. నీ చెయ్యి ఆడ ఉండాది."

"రాత్రి నిద్ర లేదు మా."

ధనలక్ష్మి దగ్గరికి జరిగి, అరచేత్తో కూతురి కుడి కన్ను మూసి, రెండో చెయ్యి ముందుకు చాచింది.

"నా చేతిలో పోగులెన్ని?"

గీతకు తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించలేదు.

"మూడు."

ఆ చేతిలో ఒక్క పోగు కూడా లేదు.

అప్పుడు చెప్పింది, మోచేతి దెబ్బ, డాక్టరు మాట, బ్యాగులో కాగితాలు, అన్నీ. తల్లి తిట్టలేదు. "ఆ హిందూపురం ఆయప్పకు ఫోన్ చెయ్యి" అంది అంతే.

హిందూపురం వేణుగోపాల్ ఆటగాళ్లను విదేశీ క్లబ్బులకు పంపే ఏజెంటు. విషయం వినగానే ఆయనే వద్దనేస్తాడని గీత ఆశపడింది. ఎవరో ఒకరు తలుపు మూసేస్తే ఆ పని తను చెయ్యక్కర్లేదు.

"అయ్యో, దానికెందుకమ్మా ఇంత బెదురు? క్లబ్బు డాక్టర్లు మోకాళ్లు చూస్తారు గానీ కళ్లెవరు చూస్తారు? నాకు చెప్పనట్టే అనుకో. గమ్మునొచ్చి విమానమెక్కు" అన్నాడు వేణుగోపాల్.

ఎన్ని పెనాల్టీలకు ఎదురు నిలబడిందో, ఏనాడూ ఇంత భయపడలేదు. ఎక్కేస్తే సరి, ఎవరికీ తెలియదు. గొంతు దాకా వచ్చిన "సరే సార్"ను మింగి, నాలుగు ముక్కలు మాట్లాడి ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నాడు?"

"రమ్మన్నాడు."

"నువ్వేమన్నావు?"

"రానన్నా."

అంతసేపూ బిగబట్టుకున్న ధనలక్ష్మి కూతుర్ని పట్టుకుని బావురుమంది. గీతకు ఏడుపు రాలేదు. గురువారం దాటాక, శుక్రవారం పొద్దున లేచి తను ఏం చెయ్యాలో తెలియక, ఒళ్లంతా భయంతో చల్లబడిపోయింది.