పిలిచినా రాలేదు

ఆ ఆసుపత్రిలో చెవుల విభాగం ముందు నిలబడి పేర్లు పిలిచే ఆవిడను అందరూ మైకమ్మ అంటారు. పెద్దాసుపత్రి కదా అని ఒకప్పుడు మైకులు కొన్నారు, గోడలకు బిగించారు. అవి ఆర్నెల్లకే మూగబోయాయి. మైకమ్మ గొంతు మాత్రం పంతొమ్మిదేళ్ళుగా ఒక్కరోజు కూడా మరమ్మతుకు వెళ్ళలేదు. ఆవిడ రెండో అంతస్తులో పేరు పిలిస్తే, కింద మందుల కిటికీ దగ్గరున్నవాళ్ళు కూడా ఓసారి తమ చీటీ చూసుకుంటారు. ఆ మాట ఎవరైనా మొహమ్మీద అన్నా ఆవిడేం సిగ్గుపడదు. "దేవుడిచ్చిన గొంతు, దాచుకుని ఏం చేసుకోను?" అంటుంది.

గొంతుకు మించి ఆవిడకు ఇంకో పేరుంది. వరుస తప్పించి ఎవర్నీ లోపలికి పోనివ్వదని. ఒకసారి సూపరింటెండెంటుగారి బావమరిది చెవిపోటని వచ్చి, బెంచీల మధ్య నిలబడి, "నేనెవరో తెలుసా?" అన్నాడు. "ఎందుకు తెలీదు బాబూ, నలభై ఆరో నంబరు. ఇప్పుడు పన్నెండు నడుస్తోంది, కూర్చో" అంది. ఆసుపత్రి ఆ మాటను నెలరోజులు చెప్పుకుని నవ్వుకుంది.

ఆవిడ పద్ధతి ఒకటే. ఎవరి పేరైనా సరే మూడుసార్లు పిలుస్తుంది. ఉన్నవాడికి నాలుగు, లేనివాడికి రెండు అనే తేడా లేదు. మూడోసారికీ ఎవరూ లేవకపోతే రిజిస్టరులో ఆ పేరు ఎదురుగా ఎర్ర పెన్నుతో "పిలిచినా రాలేదు" అని రాస్తుంది. వినికిడి యంత్రాలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక పైవాళ్ళు దీనికో నియమం తగిలించారు. ఒకే పేరుకు మూడు వేర్వేరు రోజుల్లో ఆ ఎర్ర మాట పడిందంటే, ఆ మనిషికి యంత్రం అక్కర్లేదని లెక్క. జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

ఇక్కడ మనం కాస్త ఆగాలి. అది చెవుల విభాగం. అక్కడికి వచ్చేది వినపడనివాళ్ళు. వాళ్ళను పిలుస్తున్నది అరిచి. ఈ సంగతి ఇన్నేళ్ళలో డాక్టర్లకు తట్టలేదు, సూపరింటెండెంటుకు తట్టలేదు, ఏటా వచ్చి ఫైళ్ళు తిరగేసి టీ తాగి పోయే తనిఖీ అధికార్లకూ తట్టలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెప్పుకుని మనమంతా చెవిటివాణ్ణి చూసి నవ్వుతాం. అతని ముందే వెళ్ళి ఊదిన పెద్దమనిషి తెలివేమైందని అడిగినవాడు లేడు.

పోనీ మైకమ్మకు చెవుల సంగతి తెలియదా అంటే, అదీ కాదు. ఇంట్లో అత్తగారికి ఎనభై ఏళ్ళు, ఎడమ చెవి ఎప్పుడో పోయింది. మైకమ్మ ఆమెను వెనకనుంచి ఎన్నడూ పిలవదు. కుడివైపుకు వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, ఆమె తల తిప్పాక మాట్లాడుతుంది. అత్తాకోడళ్ళ మధ్య వంద ఉన్నాయిగానీ ఈ ఒక్క విషయంలో పేచీ రాలేదు. మొగుడు ముందుగదిలో కుట్టుమిషను ఆపకుండానే తల్లిని కేకేస్తే, "ఆవిడేమన్నా గాల్లో మాటలు పట్టుకుంటుందా? లేచెళ్ళి చెప్పండి" అని కసురుతుంది కూడా. ఇంత తెలివీ బస్సెక్కేటప్పుడు ఇంట్లోనే మర్చిపోయేది. మనలో చాలామందిమి అంతే.

ఆ రోజు నెలాఖరు. స్టోరులో పది యంత్రాలు మిగిలాయి. సాయంత్రం నాలుగింటికి జాబితా మూసేస్తారు, మిగిలినవి తెల్లారి వెనక్కి వెళ్ళిపోతాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు హాలు ఖాళీ అయింది. మైకమ్మ తలుపు వేయబోతూ చూస్తే రెండో బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాలు.

"ఎవరికోసమమ్మా? టైమయిపోయింది" అంది మైకమ్మ తలుపు దగ్గర్నుంచే. ఆమె కదల్లేదు. దగ్గరకు వెళితే లేచి నిలబడి చీటీ చూపించింది. ఇరవై మూడు.

మైకమ్మకు రిజిస్టరు తెరవాల్సిన అవసరం లేకపోయింది. ఆ పేరుకు మూడో ఎర్ర మాట పొద్దున్న తొమ్మిదిన్నరప్పుడు తన చేత్తోనే రాసింది. ఆమె ఎదురుగా బెంచీ మీద కూలబడి, మొహంలో మొహం పెట్టి అడిగింది. "ఎప్పుడొచ్చావమ్మా నువ్వు?"

"ఏడింటికి. మీ మూతి చూస్తే కొంత తెలుస్తుందని ఎదురుగానే కూర్చున్నా. మీరేమో పుస్తకంలోకి చూస్తూ పిలుస్తారు. ఇంతమంది మాటల్లో నాకేం ఆనదు" అంది ఆమె.

"మరి పోయిన రెండుసార్లు?"

"ఇదే బెంచీ."

మైకమ్మ రిజిస్టరు తెచ్చి చూపించింది. ఆమె వేలు పెట్టి ఎర్ర అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "నేను రాలేదని మీరు రాశారు. మీరు పిలవలేదని నేను మా చెల్లెలికి చెప్పా. ఇద్దరం అబద్ధం చెప్పలేదులెండి" అంది. ఆ గొంతులో కోపమన్నా ఉంటే మైకమ్మ దెబ్బకు దెబ్బ సమాధానం చెప్పి ఉండేది. కోపం లేదు. అందుకే పుస్తకం మూసి, ఏం పని చేస్తావని అడిగింది.

పనులకు వెళ్ళే తల్లులు పసిపిల్లల్ని పగలంతా వదిలిపెట్టే కేంద్రంలో ఆమె ఆయమ్మ. పదహారేళ్ళ నౌకరీ. పోయిన నెల ఆమె పెరట్లో పంపు దగ్గర బట్టలు ఉతుకుతుంటే, పడకగదిలో ఒక బిడ్డ లేచి అరగంట ఏడ్చింది. ఆయమ్మకు వినపడలేదు. బిడ్డకేం కాలేదు. కేంద్రం నడిపే మేడం మాత్రం, నెలాఖరు సాయంత్రంలోగా చెవికి మిషన్ పెట్టుకుని వస్తే సరే, లేకపోతే మర్నాటి నుంచి రావద్దని తేల్చి చెప్పింది. "ఆవిణ్ణి కూడా ఏమనలేం. పిల్లలు కదా" అంది ఆయమ్మ.

మైకమ్మ ఆ పూట అన్నం డబ్బా తెరవలేదు. అటక మీది రిజిస్టర్లు దించి ఏడాది పేజీలన్నీ తిరగేసింది. మూడు ఎర్ర మాటలు పడి పేరు కొట్టేసినవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. వాళ్ళ దరఖాస్తులు బయటికి తీసింది. ప్రతి దరఖాస్తులో "వెంట వచ్చినవారు" అని ఒక గడి ఉంటుంది. కొడుకు, కోడలు, పక్కింటివాళ్ళు, ఎవరో ఒకరి పేరు రాస్తారు. ఈ ముప్పై ఎనిమిదిలో ముప్పై ఐదింట ఆ గడిలో ఒట్టి గీత ఉంది. తోడున్నవాళ్ళను పిలిస్తే ఆ తోడువాళ్ళు లేచి "ఇదిగో, వస్తున్నాం" అంటారు. ఒంటరివాళ్ళకు ఆ మాట అనేవాళ్ళు లేరు. అందరినీ ఒకేలా మూడుసార్లు పిలిచి, తను పంతొమ్మిదేళ్ళుగా తోడున్నవాళ్ళనే లోపలికి పంపింది. మైకమ్మకు సిగ్గేసింది. ఎవరూ చూడకపోయినా చెంపలు వేడెక్కేంత సిగ్గేసింది.

అయితే సిగ్గుపడి మూల కూర్చునే రకం కాదావిడ. దరఖాస్తుల కట్ట చంకన పెట్టుకుని, ఆయమ్మను వెంటబెట్టుకుని సూపరింటెండెంటు గది ముందు నిలబడింది. ఆయమ్మను బయట కూర్చోబెట్టి లోపలికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన చెడ్డవాడు కాదు. కాగితానికి భయపడే మనిషి, అంతే. అంతా విని, "అయ్యో, పాపం. సరే, ఒక్క పేరే కదా, పొరపాటున పడిందని రాసి ఇప్పించేద్దాం. తీసుకెళ్ళు" అన్నాడు.

"ఒక్కటి కాదు సార్, ముప్పై ఎనిమిది."

"అదేంటమ్మా, నియమం అందరికీ ఒకటే అని రోజూ నువ్వేగా చెబుతావు!"

"నియమం ఒకటే సార్. చెవులే ఒకటి కావు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "చూడు మైకమ్మా. పాతవన్నీ తిరగదోడితే నేను పైకి రాయాలి. రాస్తే ఎవరు పిలిచారు, ఎవరు రాశారని అడుగుతారు. నీ పేరే చెప్పాలి. పైగా జవాబు వచ్చేదాకా అన్ని యంత్రాలూ ఆపేయమనైనా అనొచ్చు. అప్పుడు ఆ బయట కూర్చున్నావిడకీ రాదు. దానికంటే ఈమెకి ఇప్పించుకుని ఊరుకోవడం మేలు కాదూ?"

మైకమ్మ వెనక్కి తిరిగి చూసింది. తలుపు సందులోంచి ఆయమ్మ కనబడుతోంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, లోపల కదిలే పెదాల వంకే చూస్తోంది. గడియారం రెండుంపావు చూపిస్తోంది. ఊరుకుంటే ఆమె పని దక్కుతుంది. ఊరుకుంటే తక్కిన ముప్పై ఏడు పేర్లూ కొట్టేసినవి కొట్టేసినట్టే ఉండిపోతాయి.

"సార్, ఈమెకి ఇవ్వమని నేను దయ అడగట్లేదు" అంది చివరికి. "ఈమె పొద్దున్నే వచ్చింది, ఇరవై మూడో నంబరు, హాల్లోనే ఉంది. నేను తప్పు రాశా. నా తప్పు నేనే కొట్టేసి సంతకం పెడతా. దానికి పైవాళ్ళ జవాబు అక్కర్లేదు, ఇవాళ్టి పని ఇవాళే అవుతుంది. మిగతా ముప్పై ఏడుకీ మీరు పైకి రాయండి. నా పేరు కూడా రాయండి, పొల్లుపోకుండా రాయండి. జవాబు వచ్చేదాకా ఆ తొమ్మిది మిషన్లు మాత్రం వెనక్కి పంపకండి."

"సరే, రాశాననుకో. వాళ్ళందర్నీ ఎలా పిలుస్తావు? మళ్ళీ అరుస్తావా?"

"ఇళ్ళకెళ్ళి పిలుస్తా సార్. అడ్రసులున్నాయిగా."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వొచ్చాక సంతకం పెట్టక తప్పలేదు. మైకమ్మ ఆయన బల్ల మీదే తన కాగితం రాసింది. రెండే వాక్యాలు. "ఈ ముప్పై ఎనిమిది మందినీ పిలిచింది నేనే. తలెత్తి చూడనిది కూడా నేనే."

మూడున్నరకు డాక్టరమ్మ ఆయమ్మ చెవికి యంత్రం పెట్టింది. పెట్టగానే ఆయమ్మ ఉలిక్కిపడి ఫ్యాను వంక చూసింది, ఎవరో కుర్చీ జరిపితే చెవి మూసుకుంది. "ఇంత గోలలో ఎలా బతుకుతున్నారమ్మా మీరంతా!" అంది. డాక్టరమ్మ నవ్వి, పదిహేను రోజుల్లో అలవాటవుతుందని, మళ్ళీ వచ్చి సరిచేయించుకోమని చెప్పింది.

ఆ ముప్పై ఏడుగురి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ పేర్లు మళ్ళీ జాబితాలో ఎక్కించమని పైనుంచి జవాబు వచ్చింది, దాంతోపాటే మైకమ్మకు మెమో వచ్చింది, నిర్లక్ష్యం అని రాసి. ఆవిడ దాన్ని మడిచి బీరువాలో పెట్టి, ఆ నెల సెలవు రోజులన్నీ వీధులు పట్టుకు తిరిగింది. ఇరవై తొమ్మిది మంది దొరికారు. ఏడుగురు ఇల్లు మారిపోయారు. ఒకాయన చనిపోయాడు. "మా నాన్న మూడుసార్లూ వచ్చాడమ్మా" అంది ఆయన కూతురు గుమ్మంలో నిలబడి. మైకమ్మ "వచ్చాడమ్మా, నేనే చూడలేదు" అని చెప్పి, వీధి మలుపు తిరిగాక ఏడ్చింది. ఇప్పుడు ఆ హాల్లో నంబరు రాసిన పలక పట్టుకుని బెంచీల మధ్య తిరుగుతుంది. ఎవరూ లేవకపోతే మొహాలు చూస్తుంది, చీటీలు చూస్తుంది. ఎర్ర పెన్ను ఎక్కడ పెట్టిందో ఆవిడకే గుర్తులేదు.

ఇక ఆ రోజు సాయంత్రం మాట. మైకమ్మ ఇంటికి పోకుండా ఆయమ్మతో పాటు పిల్లల కేంద్రానికి వెళ్ళింది. మేడం ముందుగదిలో ఉంది. యంత్రం వంక అనుమానంగా చూసి, "పెట్టుకున్నంత మాత్రాన వినపడుతుందని నమ్మకమేంటి? రేపు ఏదైనా అయితే తల్లులకు నేను సమాధానం చెప్పుకోవాలి" అంది.

"డాక్టరమ్మే పెట్టి పంపింది. ఇంకేం కావాలి మీకు?" అంది మైకమ్మ.

"మీరు ఆసుపత్రివాళ్ళు, మీకేం! పసిబిడ్డల వ్యవహారం."

"పదహారేళ్ళు పెంచింది పసిబిడ్డల్ని కాదా మరి?"

మాటకు మాట పెరిగింది. మైకమ్మకు గొంతు తగ్గించే అలవాటు ఎటూ లేదు. మేడం కూడా ఏం తీసిపోలేదు. ఇద్దరూ ఒకరిమీద ఒకరు పడి అరుచుకుంటుండగా ఆయమ్మ ఒక్క క్షణం తల పక్కకు వంచింది. తర్వాత ఒక్క మాట కూడా అనకుండా లోపలికి నడిచి వెళ్ళిపోయింది.

"చూశారా?" అంది మేడం. "నేనిక్కడ మాట్లాడుతూనే ఉన్నా. వినపడక తన దారిన తను పోయింది. ఇదే నేను చెప్పేది!"

మైకమ్మ లోపలి గుమ్మం వంక చూసింది. నిజంగానే వినపడలేదేమోనని ఆవిడకూ అనుమానం వచ్చింది.

రెండు నిమిషాల్లో ఆయమ్మ తిరిగొచ్చింది. భుజం మీద ఎనిమిది నెలల పాప. వెక్కిళ్ళు ఇంకా ఆగలేదు, మొహమంతా కన్నీళ్ళు.

"ఎంతసేపట్నించి ఏడుస్తోందో మేడం, బట్టలన్నీ తడిసిపోయాయి" అంది పాప వీపు నిమురుతూ. "మీ ఇద్దరికీ వినపడలేదా?"