ఐదు తూటాలు, ఆరు చిల్లులు

మనవలకు నేను చెప్పే కథలో వంద గజాల నుంచి ఐదు తూటాలూ నల్లచుక్కలోనే దించేశాను. అబద్ధం. ఇరవై ఐదు గజాలు. కాగితానికి తగిలినవి రెండు. అవీ చుక్కకు దూరంగానే.

డెబ్భైల చివర్లో మా భిలాయి కాలేజీ కేడెట్లకు నందిని గనుల పక్కన క్యాంపు. సున్నపురాయి దుమ్ము బూట్లలో, చెవుల్లో, ఆఖరికి పూరీల్లో. కాల్పుల్లో ముందు నిలిచిన ఒక్కడినే సైనికాధికారుల ఎంపికకు పంపుతామన్నారు. మిగిలింది ఇద్దరం: సెక్టర్ 7 నుంచి నేను, సెక్టర్ 2 నుంచి నా క్లాస్‌మేటు. వాడి తండ్రి ఉక్కు కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో ఖలాసీ. కొడుకును ఆ పొగలోకి రానివ్వనని ఒట్టు పెట్టుకున్న మనిషి.

ఈల వేయగానే ఎవరి కాగితం వాళ్లే పరుగెత్తి తెచ్చుకోవాలి. నా దానిలో ఒక్క చిల్లే కనిపించింది. జేబులో పెన్సిలు తీసి చుక్కలో నాలుగు పొడిచాను. పెన్సిలు కూడా అచ్చం తూటాలాగే చిల్లు అంచున బూడిదరంగు మిగులుస్తుంది. మూల మడతలో ఇంకో చిల్లు ఉందని చూసుకోలేదు.

హవల్దారు లెక్కపెట్టాడు. ఆరు! ఆయన పక్క కాగితం చూశాడు. నాలుగు. మొహం విప్పారింది.

"తేరీ ఏక్ గోలీ ఇధర్ ఆయీ, గధే!" నీ తూటా ఒకటి ఇటొచ్చిందిరా గాడిదా అని మావాడి నెత్తిన మొట్టాడు.

రెండు తూటాలు ఒకే చోట దూరాయని వాడు వెడల్పాటి చిల్లొకటి చూపించాడు. హవల్దారు వినలేదు. వాడు నా వైపు తిరిగాడు.

"ఒరే, నువ్వైనా సెప్పరా. నా తూటా అటెందుకెల్తాది?"

"నాకేటి తెల్సురా," అన్నాను.

నన్ను పంపారు. మూడో రోజుకే తిప్పి పంపేశారు. పాదాలు చదునని కాలనీలో చెప్పుకున్నాను. నిజానికి నలుగురిలో మాట్లాడమంటే నోరు పెగల్లేదు.

నేను తిరిగొచ్చిన సాయంత్రమే వాడొచ్చాడు. అప్పటికి వాడికి ఎంపిక వయసు దాటిపోయింది. తండ్రి పనిచేసే చోటే చేరబోతున్నాడు.

"ఏటడిగినార్రా? గురి సూసినారా?"

అక్కడ తుపాకీ ఊసే లేదు. "సూసినారు. బావుందన్నారు," అన్నాను.

"మరి మంచి గురే కదరా నీది. నా తూటాయే దారి తప్పీసినాది."

నమ్మేశాడు. అప్పుడైనా చెప్పొచ్చు. అమ్మ పెట్టిన జంతికల పళ్లెం వాడి ముందుకు తోసి, తినమన్నాను.

థూ.