పెనం మీద వేగిన నల్లరాయి

మొన్న అటక సర్దుతుంటే మా అత్తమ్మ ఇనుప పెనం చేతికి తగిలింది. తుప్పు పట్టింది, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు మా ఆయన. ఇవ్వనంటే ఇవ్వనన్నాను. నా పరిశోధనను దాదాపు మింగేసిన పెనం అది, దాని మీద నాకు హక్కుంది.

తొంభైల చివర మచ్చ బొల్లారంలో కొత్త కాపురం, యూనివర్సిటీలో ఖనిజాల మీద పరిశోధన. శామీర్‌పేట బండల మధ్య గోడలా చొచ్చుకొచ్చిన నల్లరాయి ఉంటుంది. దాన్ని దంచి, కడిగి, అందులోంచి పైరాక్సీన్ అనే ఖనిజం రేణువులు ఏరాలి. ఆ స్ఫటికంలో ఇనుము పరమాణువులు ఉండడానికి రెండు రకాల చోట్లున్నాయి. ఒకటి ఇరుకైనా తీరుగా ఉంటుంది, రెండోది కాస్త విశాలం, కానీ వంకర. ఇనుముకు ఆ వంకర చోటే ఇష్టం. రాయి గబగబా చల్లారితే, మేడ్చల్ బస్సులో తోసుకుని ఎక్కిన జనంలా, ఎక్కడివక్కడే ఇరుక్కుంటాయి. నిదానంగా చల్లారితే మెల్లగా జరిగి నచ్చిన చోటికి చేరతాయి. ఏ చోట ఎంత ఇనుముందో యంత్రం చెబితే రాయి ఎంత నిదానంగా చల్లారిందో తెలుస్తుంది. నా థీసిస్ అంతా అదే. పెళ్లయిన పిల్లకు ఈ రాళ్ల గోలేమిటని మామగారు సణిగేవారు. నేను సుత్తి సంచిలో వేసుకుని బయల్దేరేదాన్ని.

భూతద్దం కింద వారాల తరబడి ఇంట్లో ఏరి, కడిగి, పళ్లెంలో ఆరబెట్టిన పొడిని యంత్రంలో పెడితే, అది కాగితం మీద గీసిన నా ఖనిజం గీతల మధ్య తుప్పు గీతలు వచ్చి కూర్చున్నాయి. అయస్కాంతంతో ఎంత గుంజినా ఆ తుప్పు పూర్తిగా పోలేదు. యంత్రంలో కిరణాలిచ్చే పదార్థం రోజురోజుకీ బలం తగ్గుతోందనీ, ఈ ఎండాకాలం దాటితే నా పనికి చాలదనీ, కొత్తది ఎప్పుడొస్తుందో తెలియదనీ మా గైడు సారు తేల్చేశారు.

ఇంటికొచ్చి అడిగితే అత్తమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "పళ్లెంల తడితడిగుండె బిడ్డా. పెనం మీద జర వెచ్చజేసి, అట్లకాడతోని గీకి పెట్టిన."

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నోరు తెరిస్తే ఏమంటానోనని పెరట్లోకి పోయి, ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను. ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"రాయి ఒడ్వలే గద, ఆడ ఇంకా మస్తుగున్నది. పొద్దుగాల శామీర్‌పేటకు పోదాం పా."

పొద్దున్నే సంచిలో సుత్తి, సద్ది వేసుకుని నాకంటే ముందే బస్టాప్‌లో ఉంది. ఎక్కడికని మామగారు అడిగితే, అన్నం వండిపెట్టాననీ, పెట్టుకుని తినమనీ చెప్పిందట. అప్పటినుంచి మధ్యాహ్నాలన్నీ ఇద్దరం తలలు ఆనించి రేణువులు ఏరడమే. ఆమె కంటికి అన్నీ నల్లగానే కనిపించేవి, సగం తప్పులే ఏరేది. నేను తీసి అవతల పారేస్తే తిట్టుకుంటూ మళ్లీ వంగేది. మామగారే ఒకరోజు చెప్పకుండా చాయ్ పెట్టి తెచ్చారు.

ఎండాకాలం చివర యంత్రంలోంచి గీతలు శుభ్రంగా వచ్చాయి. ఇనుము చాలావరకు తన వంకర చోటికే చేరుకుంది. అందుకు ఆ రాయికి ఎంత కాలం పట్టిందో థీసిస్‌లో లెక్కగట్టి రాశాను. ఆ ఇంట్లో నా చోటికి నేను చేరడానికి మాత్రం ఆ ఒక్క ఎండాకాలం సరిపోయింది.