తల తగిలేంత ఎత్తులో

వీధిలో అందరూ ఆమెను కాజాలక్క అనేవాళ్ళు. దర్జీ దుకాణాల నుంచి చొక్కాలు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టి, గుండీలు వేసి, సాయంత్రం తిరిగి ఇచ్చి వచ్చేది. మనిషి పొట్టి. మొగుడేమో తాటిచెట్టంత పొడుగు. ఇళ్ళకు రంగులు వేసేవాడు. ఇద్దరూ కలిసి వెళ్తుంటే "అదుగో, నిచ్చెనా పీటా బయల్దేరాయి" అని ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు.

రంగులు వేయడానికి వెళ్ళిన ఓ ఇంట్లో, నేల మీద రాలి ఉన్న నాలుగు ఆకుల్ని అతను జేబులో వేసుకొచ్చాడు. చిన్న ద్రాక్షపళ్ళలా బొద్దుగా, చల్లగా ఉన్నాయి. ఇసుక కలిపిన మట్టి మీద వాటిని ఊరికే పడేశాడు. నీళ్ళు కూడా పోయలేదు.

"ఎండిపోవూ?" అందామె.

"ముందు వేరు రానీ. దీన్ని ముద్దు చేస్తే కుళ్ళిపోతుంది."

వేళ్ళొచ్చాయి. రెండు మూడేళ్ళలో కొమ్మలు కుండీ అంచు దాటి, బిగించి అల్లిన జడల్లా కిందికి దిగాయి. అప్పటి నుంచి అది వాళ్ళకు జడమొక్క. ముందుగదిలో, కిటికీ వెలుతురు పడే చోట, దూలానికి కొక్కెం బిగించి వేలాడదీశాడు. ఆకులు కాస్త ముడతలు పడితేనే నీళ్ళు పోసేవాడు.

చిక్కల్లా ఒకటే. ముట్టుకుంటే చాలు, ఆ మొక్క ఆకులు రాలిపోతాయి. పని నుంచి వచ్చినప్పుడల్లా అతని తల తగిలేది, ఆకులు టపటపా కింద పడేవి.

"కాస్త వంగి రావడం చేతకాదా మీకు?" అని ఆమె సణుగుతూ, వాటిని ఏరి మళ్ళీ మట్టి మీద వేసేది. ఆమె చెయ్యెత్తినా ఆ జడల కొస అందేది కాదు. స్టూలు ఎక్కాల్సిందే.

ఓ వానాకాలం అతను వేరే ఊరికి పనికి వెళ్ళాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పని ముగించుకుని బయల్దేరాడని మేస్త్రి చెప్పాడు. ఫోను మోగలేదు. పోలీసులకు చెప్పారు, తెలిసిన ప్రతి చోటా వెతికారు. నెలలు గడిచాయి. ఇంట్లో మిగిలింది కాజాలక్కా, అత్తగారూ. పెద్దావిడకు మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేదు. కళ్ళకు పొరలు కమ్మి చూపూ ఆనదు.

ఒక సాయంత్రం చొక్కాలు ఇచ్చి వచ్చి, తాళం తీసి లోపలికి అడుగుపెట్టిన కాజాలక్క ఆగిపోయింది. జడమొక్క కింద ఆకులు రాలి ఉన్నాయి. తుంచిన చోట తడి ఇంకా ఆరలేదు. కిటికీ మూసే ఉంది.

"ఎవరైనా వచ్చారా అత్తయ్యా?"

"ఎవరొస్తారే, నువ్వేగా తాళం వేసుకెళ్ళావు?" అంది అత్తగారు లోపలి గదిలోంచి. మళ్ళీ తనే, "వాడి దగ్గరో తాళంచెవి ఉందిగా" అంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆమె ఇంట్లో ఉంటే ఒక్క ఆకూ రాలదు. వెళ్ళొస్తే మాత్రం రాలి ఉంటాయి. అత్తగారు వాటిని అరచేతిలో వేయించుకుని, వేళ్ళతో దొర్లిస్తూ, "చల్లగా ఉన్నాయి. ఇప్పుడే వెళ్ళినట్టున్నాడు" అనేది.

ఆడపడుచు భర్త తాళాలు బాగుచేస్తాడు. వచ్చి తలుపుకు కొత్త తాళం బిగించాడు. "ఏం దొంగ చెల్లెమ్మా వీడు? గిన్నెలు వదిలేసి ఆకులు రాల్చి పోతాడా!" అని నవ్వాడు. ఆ సాయంత్రం ఆమెతో పాటే వచ్చి, తన చేత్తోనే తలుపు తీశాడు. కింద ఆకులున్నాయి. అతని నవ్వు ఎగిరిపోయింది.

"దీన్ని బయట పారేద్దాం, చెల్లెమ్మా."

"వద్దన్నయ్యా. ఆయన ఉన్నట్టుంది" అందామె.

చలి మొదలయ్యాక ఒక పోలీసు వచ్చి చొక్కా చూపించాడు. మెడ దగ్గర కాజా ఆమె కుట్టిందే. ఆ ఊళ్ళో బస్సు కోసం నిలబడి కుప్పకూలిపోయాడట. ఎవరో ఆసుపత్రిలో చేర్చారు. జేబులో ఫోనూ లేదు, పేరు చెప్పే కాగితం ముక్కైనా లేదు. పని ముగించుకుని బయల్దేరిన రోజే ప్రాణం పోయింది.

అత్తగారు ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుని, "మరి ఇన్నాళ్ళూ వచ్చిందెవరే?" అంది.



ఆ రోజు నుంచి ఆకులు రాలడం ఆగిపోయింది. సాయంత్రమయ్యేసరికి పెద్దావిడ చెయ్యి చాపేది. కోడలు ఏమీ పెట్టకపోయేసరికి, కొడుకు చావు కబురుకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. అన్నం ముట్టడం మానేసింది. చూడలేక కాజాలక్క ఒకరోజు స్టూలు ఎక్కి, జడను వేలితో తాకి నాలుగు ఆకులు రాల్చింది.

"ఇవిగో అత్తయ్యా, వచ్చి వెళ్ళారు."

ముసలి గుప్పిట మూసుకుంది. ఆ పూట రెండు ముద్దలు లోపలికి వెళ్ళాయి. ఇక అదే అలవాటైంది. రోజూ వచ్చీరాగానే స్టూలు ఎక్కడం, రాల్చడం, చేతిలో పెట్టడం. ఒక పక్క జడలు బోసిపోతున్నా ఆమె మానలేదు.

ఒకనాడు దుకాణంలో ఆలస్యమై పరుగున వచ్చింది. స్టూలు జరపబోతుంటే లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఇవాళ ఆ స్టూలు ఎక్కకు."

కాజాలక్క స్టూలు వదిలేసి వెనక్కి తిరిగింది.

"రోజూ దాని చప్పుడు వింటూనే ఉన్నానే. కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదుగా. నీ మనసు నొప్పించడమెందుకని ఊరుకున్నాను. ఇలా రా."

వెళ్ళింది. పెద్దావిడ గుప్పిట విప్పింది. అరచేతిలో ఆకులున్నాయి. తొడిమల దగ్గర తడి మెరుస్తోంది. మంచం నుంచి ముందుగదిలోని మొక్క దాకా ఆవిడ నడిచి ఏడాది దాటింది.

కాజాలక్క మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఏమైనా అన్నారా అత్తయ్యా?"

"ఏమంటాడు, ఎప్పుడు మాట్లాడాడు గనక? చేతిలో పెట్టి నిలబడ్డాడు" అంది పెద్దావిడ, మామూలుగా, కూరగాయల సంగతి చెప్పినట్టు. "అన్నం పెట్టవే, ఆకలేస్తోంది."

కాజాలక్క లేచి పొయ్యి వెలిగించింది. ఆ వంట అయ్యేదాకా ముందుగది వైపు తల తిప్పలేదు.